గోడమీద సర్టిఫికెట్టు, కౌంటర్లో కుర్రాడు

మందుల షాపుకి లైసెన్సు ఎందుకు? ఈ ప్రశ్న కొన్నేళ్ళ క్రితం నన్నెవరైనా అడిగుంటే "గవర్నమెంటుకి ఫీజు కావాలి కాబట్టి" అని నవ్వేసి ఊరుకునేవాణ్ణి. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, గవర్నమెంటు ఫారాలంటే కాస్త చులకన. ఇప్పుడలా అనలేను. దానికి రెండు కారణాలు. ఒకటి నేను చేసిన ఉద్యోగం, రెండోది మా పెద్దమ్మ. ముందు ఉద్యోగం సంగతి చెప్తాను. అది లేకపోతే రెండోది నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు.

నేనుండేది న్యూజెర్సీలో. ఒక మందుల హోల్‌సేల్ కంపెనీకి (పేరు చెప్పను, అడక్కండి) కాంట్రాక్టు మీద పనిచేశాను. నాకిచ్చిన పని వినడానికి చాలా చిన్నది. ఏదైనా ఫార్మసీ నుంచి ఆర్డరు రాగానే, ఆ ఫార్మసీకి ఆ మందు కొనడానికి లైసెన్సు ఉందో లేదో చూడాలి. ఉంటే ఆర్డరు ముందుకెళ్తుంది, లేకపోతే ఆగుతుంది. ఒక టేబులు, ఒక తేదీ, ఒక ఇఫ్ కండిషను. రెండు వారాలు చాలని ఎస్టిమేటు ఇచ్చాను. ఎనిమిది నెలలు పట్టింది!

ఎందుకంటారా? అమెరికాలో మందుకి అనుమతిచ్చేది ఎఫ్‌డీఏ. కానీ ఆ మందుని అమ్మే షాపుకి లైసెన్సిచ్చేది ఎఫ్‌డీఏ కాదు, రాష్ట్రం. రాష్ట్రానికో ఫార్మసీ బోర్డు, బోర్డుకో నంబరింగు పద్ధతి, గడువుకి తలా ఒక లెక్క. టెక్సస్‌లో మామూలు ఫార్మసీ క్లాస్ ఏ, ఆస్పత్రిలో ఉండేది క్లాస్ సి, బయట రాష్ట్రం నుంచి పంపేది క్లాస్ ఇ. న్యూయార్కులో ఫార్మసీలు విద్యాశాఖ కిందకొస్తాయి. మొదటిసారి రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో అది చూసి, ఎవడో తప్పు టైపు చేశాడనుకుని డిఫెక్టు కూడా రాశాను :)

హోల్‌సేల్ వాళ్ళ సంగతి ఇంకా చిత్రం. కాలిఫోర్నియాలో వాళ్ళకీ ఫార్మసీ బోర్డే లైసెన్సిస్తుంది. టెక్సస్‌లో ఆరోగ్యశాఖ. ఫ్లోరిడాలో వ్యాపారాలనీ వృత్తులనీ నియంత్రించే వేరే శాఖ. మా న్యూజెర్సీలో మళ్ళీ ఆరోగ్యశాఖ. పక్క రాష్ట్రంలో గోడౌను ఉండి ఈ రాష్ట్రానికి సరుకు పంపాలంటే చాలాచోట్ల ఇక్కడి లైసెన్సు కూడా కావాలి. పోస్టులో మందులు పంపే ఫార్మసీ అయితే దాదాపు ప్రతి రాష్ట్రం తలుపూ తట్టాల్సిందే. పైగా లైసెన్సు ఇచ్చేది మనిషికో కంపెనీకో కాదు, ఆ అడ్రసుకి. షాపు వీధికి ఇటునుంచి అటు మారినా బోర్డుకి చెప్పుకోవాలి. మత్తుమందుల జాబితాలో ఉన్నవి అమ్మాలంటే వీటన్నిటి మీదా డీఈఏ రిజిస్ట్రేషను. అది ఫార్మసీకి మూడేళ్ళకోసారి, డిస్ట్రిబ్యూటరుకి ఏడాదికోసారి, ఎన్ని గోడౌన్లుంటే అన్ని.

దీన్నంతా ఒక తాటి మీదకి తెద్దామని ప్రయత్నాలు జరక్కపోలేదు. 1988లో చేసిన చట్టం ప్రకారం హోల్‌సేలర్లకి రాష్ట్రాలు లైసెన్సు ఇచ్చి తీరాలి, దానికి కేంద్రం కనీస ప్రమాణాలు చెప్తుంది. తర్వాత కాలిఫోర్నియా 2004లో ప్రతి మందుకీ ఎలక్ట్రానిక్ వంశవృక్షం ఉండాలంది. దాన్ని వాయిదా మీద వాయిదా వేస్తుండగానే 2013 నవంబరు 27న దేశం మొత్తానికీ కలిపి మందుల సరఫరా గొలుసు భద్రతా చట్టం వచ్చేసింది. దీని ప్రకారం తయారీదారు నుంచి ఫార్మసీ దాకా ఎవరైనా సరే, అధీకృత వ్యాపారులతోనే లావాదేవీలు చెయ్యాలి. ప్రిస్క్రిప్షను మందు ప్రతి ప్యాకెట్టు మీదా సీరియల్ నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్న చదరపు కోడు ఉండాలి. అది చేతులు మారిన ప్రతిసారీ కంప్యూటర్ల మధ్య సమాచారం మారాలి. దీనికి పదేళ్ళ గడువిచ్చారు. 2023 నవంబరుకి ఎవరూ సిద్ధంగా లేకపోతే ఇంకో ఏడాది ఓపిక పట్టారు. ఆ తర్వాత తయారీదారులకి 2025 మే, హోల్‌సేలర్లకి ఆగస్టు, పెద్ద ఫార్మసీలకి నవంబరు, చిన్నవాటికి 2026 నవంబరు అని మెట్లు కట్టారు. హోల్‌సేల్ లైసెన్సులకి దేశవ్యాప్త ప్రమాణాల ముసాయిదా అయితే 2022 ఫిబ్రవరిలోగానీ బయటికి రాలేదు. మన ప్రాజెక్టులే ఆలస్యమవుతాయని బాధపడేవాళ్ళు కాస్త ఊరట చెందొచ్చు.

సరే, అసలు సంగతికొస్తాను.

మేము సిస్టం లైవ్ చేసిన మూడో వారం, ఒక శుక్రవారం సాయంత్రం, ఎక్కడో చిన్న ఊళ్ళో సొంతంగా నడుపుకునే ఫార్మసీ ఆర్డరు ఆగిపోయింది. వాళ్ళు లైసెన్సు రెన్యూ చేసుకున్నారు. బోర్డు వెబ్‌సైటులోనూ అది కనిపిస్తోంది. కానీ మాకు రోజూ వచ్చే ఫైలులో ఇంకా పాత తేదీయే ఉంది. ఆర్డరులో ఇన్సులిన్ ఉంది. ఆ షాపాయన ఫోన్లో అరిచిన అరుపులు నాకు రికార్డింగులో వినిపించారు. ఆయన కోపంలో తప్పేం లేదు. శనివారం పొద్దున మనిషి పూనుకుని చేత్తో విడుదల చేశారు.

సోమవారం మీటింగులో నేనో పరిష్కారం చెప్పాను. గడువు దాటాక ముప్ఫై రోజులు గ్రేస్ పీరియడ్ ఇద్దాం, ఒక్క లైను మారిస్తే చాలు అని. మేనేజరు సంతోషించాడు. రూల్సు చూసుకునే విభాగంలో ఒక పెద్దావిడ ఉంది, పూర్వం ఫార్మసిస్టు. ఆవిడ ఒప్పుకోలేదు. మీటింగయ్యాక నన్ను కూచోబెట్టి ఒక కథ చెప్పింది. ఆ తర్వాత నేను దాని గురించి దొరికిందల్లా చదివాను. మీక్కూడా చెప్పాలి.

మసాచుసెట్స్‌లో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ అని ఒకటుండేది. దానికి ఆ రాష్ట్రం ఇచ్చిన ఫార్మసీ లైసెన్సు ఉంది. ఫలానా పేషెంటుకని డాక్టరు చీటీ రాస్తే, ఆ పేషెంటు కోసం మందు కలిపి ఇవ్వడం దాని పని. చేసిందేమో ఫ్యాక్టరీ పని. వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేలకొద్దీ తయారుచేసి రాష్ట్రాలు దాటించింది. పేషెంట్ల పేర్లు కావాలి కదా, దొంగ పేర్లు, సినిమావాళ్ళ పేర్లు, పాటగాళ్ళ పేర్లు రాసేశారని తర్వాత కోర్టులో తేలింది. కొలరాడో రాష్ట్రం బోర్డు 2011లోనే మా రాష్ట్రానికి ఇలా పంపొద్దని వాళ్ళకి ఆదేశమిచ్చింది. మళ్ళీ అదే జరుగుతోందని 2012 జులైలో మసాచుసెట్స్ బోర్డుకి తెలియజేసింది. అక్కడ ఎవరూ కదల్లేదు. బూజు పట్టిన ఇంజెక్షన్లు మూడు బ్యాచులు. మూడో బ్యాచి తయారైంది 2012 ఆగస్టు 10న. అంటే ఆ కబురు అందిన తర్వాత! సెప్టెంబరులో టెనెస్సీలో మొదటి కేసు బయటపడింది. మొత్తం 20 రాష్ట్రాల్లో 753 మంది జబ్బుపడ్డారు, 64 మంది చనిపోయారు. నడుం నొప్పికి ఇంజెక్షను చేయించుకున్నవాళ్ళు, మెదడు పొరల్లోకి బూజు పాకి పోయారు. ఇందాక చెప్పిన 2013 చట్టానికి మొదటి సగం ఈ ఘోరం వల్ల వచ్చిందే.

నేను గ్రేస్ పీరియడ్ లైను రాయలేదు. దానికి బదులు, గడువు దాటిన లైసెన్సుని ఒక మనిషి ఆ బోర్డు వెబ్‌సైటులో అప్పటికప్పుడు చూసి నిర్ధారించే స్క్రీను కట్టాం. వారాంతాల్లో కూడా ఒకరు కూర్చుంటారు. ఖర్చు ఎక్కువే. కానీ అంతవరకు నా కళ్ళకి డేటాబేసులో ఒక తేదీగా కనిపించింది, ఆ తర్వాత వేరేగా కనిపించడం మొదలైంది.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి.

మా పెద్దమ్మది గుంటూరు దగ్గర చిన్న టౌను. కీళ్ళవాతం. విజయవాడలో డాక్టరు మెథోట్రెక్సేట్ మాత్రలు రాశాడు. ఈ మందు తెలిసినవాళ్ళకి తెలుసు, కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే విషం. డాక్టరు చీటీ మీద సరిగ్గానే రాశాడు, ఇంగ్లీషులో, వాళ్ళ గిలుకుడు రాతలో. పెద్దమ్మ ఊరొచ్చి, బస్టాండు దగ్గర మెడికల్ షాపులో కొంది. కౌంటర్లో ఉన్న కుర్రాడు కవరు మీద పెన్నుతో "రోజూ రాత్రి ఒకటి" అని రాసిచ్చాడు. మంచి కుర్రాడే. ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా ఇచ్చాడట.

తొమ్మిది రోజులు వేసుకుంది. నోరంతా పుళ్ళు. "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగారు, సబ్జా నీళ్ళు తాగారు. తర్వాత జ్వరం. విజయవాడ తీసుకెళ్తే తెల్ల రక్తకణాలు అడుగంటాయన్నారు. రెండు వారాలు ఆస్పత్రిలో ఉంది. బతికింది. అన్నయ్య ఆ కవరు ఫొటో తీసి నాకు పంపాడు. ఆ "రోజూ" అన్న మాట వంక ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

తర్వాత నేను ఇండియా వెళ్ళినప్పుడు ఆ షాపుకెళ్ళాను. గొడవ పడదామనే వెళ్ళాను. గోడమీద అద్దాల ఫ్రేములో లైసెన్సు, పక్కన ఫార్మసిస్టు సర్టిఫికెట్టు, దానిమీద ఒక కుర్రాడి ఫొటో. కౌంటర్లో ఉన్నది అతను కాదు. "ఈయనెప్పుడొస్తారండీ?" అని అడిగాను. ఓనరు ఏమాత్రం తడుముకోకుండా, కాస్త గర్వంగా కూడా, "ఆయన హైదరాబాదులో సాఫ్ట్‌వేరండీ" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. మాట్లాడ్డానికేముంది, మనవాడే!

మన దేశంలో చట్టం లేదా అంటే, ఉంది. అమెరికాలోలా యాభై రకాలు కూడా కాదు, దేశానికంతటికీ ఒకటే. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 నాటి రూల్సు. లైసెన్సిచ్చేది రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖే అయినా ఫారాలు అన్నిచోట్లా అవే. రిటైలుకి 20, 21 నంబరు ఫారాలు, హోల్‌సేలుకి 20బి, 21బి. పది చదరపు మీటర్ల స్థలం ఉండాలి, చల్లగా ఉంచాల్సిన మందులకి ఫ్రిజ్ ఉండాలి. హోల్‌సేలు అయితే నాలుగేళ్ళ అనుభవం ఉన్న పదో తరగతి పాసైనవాడు కూడా బాధ్యుడిగా ఉండొచ్చు. కానీ రిటైలులో డాక్టరు చీటీ మీద మందు ఇచ్చేది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే జరగాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షనూ అదే చెప్తుంది. 2014 మార్చి నుంచి హెచ్1 జాబితా మందులకి డాక్టరు పేరు, పేషెంటు పేరు రాసే రిజిస్టరు కూడా పెట్టి, మూడేళ్ళు దాచాలి. కాగితం మీద చూస్తే అమెరికా కన్నా మనదే శుభ్రంగా ఉంది. ఒక స్కీమా, ఒక ఫార్మాటు. నా ఎనిమిది నెలల ప్రాజెక్టు ఇండియాలో అయితే నిజంగానే రెండు వారాల్లో అయిపోయేది.

కాకపోతే ఆ టేబుల్లో ఉన్న ఫార్మసిస్టు షాపులో ఉండడు.

ఆ సాయంత్రం పిన్నీ వాళ్ళింట్లో భోజనాల దగ్గర నేను ఈ విషయం మీద గట్టిగానే ఉపన్యాసం ఇచ్చాను. "సర్టిఫికెట్టు అద్దెకిచ్చేవాడికి సిగ్గుండాలి" అన్నాను. మా పిన్ని కూతురు బీఫార్మసీ చదివి హైదరాబాదులో టెస్టింగ్ చేస్తోంది. అది తలొంచుకుని అన్నం కలుపుతోంది. కాసేపయ్యాక "అన్నయ్యా, నాది కూడా ఒకచోట పెట్టాం" అంది. పిన్ని కల్పించుకుని "నెలకి మూడు వేలు ఇస్తారు నాయనా. ఊరికే బీరువాలో పడుండే కాగితమేగా" అంది. బాబాయి టీవీ సౌండు పెంచాడు.

చెల్లి తర్వాత మేడమీద నాతో చాలాసేపు వాదించింది. దాని వాదన నేను ఇక్కడ దాచకుండా చెప్పాలి, ఎందుకంటే అందులో చాలా నిజం ఉంది. "నేను ఇవ్వకపోతే ఇంకొకళ్ళిస్తారు. షాపులో కూచుంటే నాకెంతిస్తారో తెలుసా? నాలుగేళ్ళు చదివి, పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడితే, మన అపార్టుమెంటు డ్రైవరు జీతం కూడా రాదు. ఉద్యోగం ఉంటే చెయ్యనా?"

లెక్క వేసి చూశాను. ధరల నియంత్రణ ఉన్న మందుల మీద 2013 ఉత్తర్వు ప్రకారం రిటైలరుకి లాభం, కొన్న ధర మీద 16 శాతం. ఫార్మసిస్టుకి నెలకి 20 వేలివ్వాలంటే, లక్షా పాతిక వేల సరుకు కొని లక్షా నలభై అయిదు వేలకి అమ్మితే ఆ లాభం మొత్తం ఆ జీతానికే సరి. అద్దె, కరెంటు, కుర్రాళ్ళ జీతాలు తర్వాత సంగతి. పైగా డిస్కౌంటు బోర్డు పెట్టకపోతే గిరాకీ రాదు. మరి మూడు వేలకి సర్టిఫికెట్టు దొరుకుతుంటే ఓనరు ఏం చేస్తాడు? మనమైనా అదే చేస్తామేమో.

కానీ ఇక్కడో మెలిక ఉంది. "ఫార్మసిస్టు తప్పనిసరంటే పల్లెల్లో షాపులు మూతపడతాయి, జనానికి జ్వరం బిళ్ళ కూడా దొరకదు" అని ఎప్పుడూ వినే మాట. అది పూర్తి నిజం కాదు. ఫార్మసిస్టు పర్యవేక్షణ అక్కర్లేని మందులు మాత్రమే అమ్మేవాళ్ళకి పరిమిత లైసెన్సు, 20ఎ, 21ఎ ఫారాలు, ఆ రూల్సులోనే ఉన్నాయి. చిన్న పల్లెలో షాపు దానిమీద నడవొచ్చు. ఎటొచ్చీ మెథోట్రెక్సేట్ అమ్మకూడదు. అలా అమ్మకూడని షాపు అమ్మకుండా ఉంటే మా పెద్దమ్మ ఇంకో ఇరవై కిలోమీటర్లు బస్సెక్కేది. అంతే నష్టం.

మరి ఏం చెయ్యాలి? నాకు తోచినవి చెప్తాను.

మొదటిది, ఒక రిజిస్ట్రేషను నంబరుకి ఒకే షాపు. మన భాషలో చెప్పాలంటే యూనిక్ కన్‌స్ట్రెయింట్. అది ఒక్క రాష్ట్రంలో కాదు, దేశం మొత్తం మీద పనిచెయ్యాలి. ఆంధ్రాలో ఒక షాపు, తెలంగాణలో ఒక షాపు, కర్ణాటకలో ఇంకోటి అని ఒకే ఫొటో వేలాడకూడదు.

రెండోది, హోల్‌సేలు దగ్గర ఆపడం. లైసెన్సు లేనివాడికి మళ్ళీ అమ్ముకోడానికి సరుకివ్వకూడదని మన హోల్‌సేల్ లైసెన్సు షరతుల్లో ఎప్పట్నుంచో ఉంది. బిల్లు మీద కొన్నవాడి డీఎల్ నంబరు కూడా వేస్తారు. కానీ ఆ నంబరు ఎవరో టైపు చేసిన అక్షరాలు, అంతే. బిల్లు వేసేటప్పుడు ఆ లైసెన్సు బతికుందా, దానికి ఫార్మసిస్టు ఉన్నాడా అని శాఖ సర్వరుని అడిగే ఏర్పాటు కష్టమేం కాదు. నేను యాభై బోర్డులకి చేశాను. 2017 నుంచి మన లైసెన్సులకి గడువు తీరడమనేది లేదు, అయిదేళ్ళకోసారి ఫీజు కడితే కొనసాగుతాయి. అలాంటప్పుడు మధ్యలో ఎవరో ఒకరు చూస్తూ ఉండటం ఇంకా అవసరం.

మూడోది అన్నిటికన్నా కష్టమైంది. ఫార్మసిస్టు షాపులో ఉండాలి. అమెరికాలో ప్రతి ఫార్మసీకీ ఫలానా వ్యక్తి బాధ్యుడు అని బోర్డు దగ్గర రాసి ఉంటుంది. ఆ మనిషి ఉద్యోగం మానేస్తే బోర్డుకి చెప్పాలి. ఫార్మసిస్టు లేని పూట మందుల కౌంటరు సాధారణంగా మూసేస్తారు, పక్కన చాక్లెట్లు అమ్ముకుంటారు. ఇక్కడ కూడా అలా జరగాలంటే వేలిముద్ర మిషను పెడితే చాలదు. పొద్దున వేలిముద్ర పెట్టి, పది గంటలకి ఆఫీసు బస్సెక్కేస్తారు. ఇన్‌స్పెక్టర్లు కావాలి, వాళ్ళు చూసింది చదివే మనిషి పైన కావాలి. కొలరాడో నుంచి వచ్చిన ఫిర్యాదు కంప్యూటర్లు లేకపోవడం వల్ల ఆగలేదు కదా.

వీటన్నిటికన్నా ముందు మనవైపు నుంచి ఒకటుంది. అద్దెకిచ్చేవాళ్ళలో మనవాళ్ళున్నారు. మన టీముల్లో, మన ఇళ్ళల్లో. బీఫార్మసీ, డీఫార్మసీ చదివి టెస్టింగులోకో, సపోర్టులోకో వచ్చిన వాళ్ళని నేను తప్పుపట్టట్లేదు, జీతం లేని చోట ఎవరుంటారు? ఉద్యోగం మారడం మన హక్కు. కానీ మనం వెళ్ళిపోయాక మన ఫొటో అక్కడే గోడమీద ఉండి, "ఇక్కడ తెలిసినవాడు ఒకడున్నాడు" అని వచ్చేపోయే ముసలివాళ్ళకి చెప్తూ ఉంటే, అది మాత్రం మనం చేస్తున్న పనే. మన పాస్‌వర్డు పక్కవాడికిస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారని ఏటేటా ట్రైనింగు తీసుకుంటాం. ఇదీ అలాంటిదే కదా?

చెల్లి ఆ తర్వాత సర్టిఫికెట్టు వెనక్కిమ్మని అడిగింది. "ఇంకోటి దొరికేదాకా ఆగమ్మా" అన్నాడట ఓనరు. ఇంకా ఆగుతూనే ఉంది. వారం వారం ఫోన్ చేసి నేను గుర్తుచేస్తున్నాను, అది విసుక్కుంటోంది.

పెద్దమ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఏ కొత్త మందు కొన్నా ముందు నాకు వీడియోకాల్ చేసి చీటీ, మాత్రల అట్ట రెండూ చూపిస్తుంది. "నువ్వు చెప్తేనే వేసుకుంటా నాన్నా" అంటుంది. ఎనిమిది వేల మైళ్ళ అవతల కూచుని, జావా రాసుకునే నేను, ఆ చీటీని పెద్దది చేసి చదివి, తెలిసిన డాక్టరుకి పంపి, కనుక్కుని చెప్తుంటాను. నేను చేస్తున్న ఈ పనికి అసలు మనిషి ఒకడున్నాడు. వాడి ఫొటో ఆ షాపు గోడమీదే ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా ఫార్మసీ చదివి ఇప్పుడు మనలా కంప్యూటర్ ముందు కూచుంటుంటే, వాళ్ళ సర్టిఫికెట్టు ఎక్కడుందో ఒక్కసారి అడగండి.